పొదుగుకు ముందు, పొదుగు తరువాత

ఉదయగిరి, మర్రిపాడు వైపు నుంచి మా చేజర్లకు చుట్టపుచూపుగా వచ్చే తల్లులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉండాదని పిల్లోళ్ళకు క్యాను నీళ్ళు కొని తాపిస్తా ఉండాం. బర్రె మాత్రం ఆ బోరు నీళ్ళే తాగతాది. మరి దాని పాలు బిడ్డకు పొయ్యొచ్చా?"

నా జవాబు ఎప్పుడూ ఒకటే. పొయ్యొచ్చమ్మా. ఏడాది దాటిన బిడ్డకైతే ఆ ఊళ్ళలో మరీ తప్పకుండా పొయ్యాలి.

ఈ జవాబు విని కొందరు ఊరట పడతారు, కొందరు నమ్మలేనట్టు చూస్తారు. విషం తాగిన గొడ్డు పాలు విషం కాకుండా ఎట్టా ఉంటాయని వాళ్ళ అనుమానం. ఆ అనుమానం న్యాయమైనదే. అందుకే దాన్ని నిమిషంలో తేల్చేయకుండా నెమ్మదిగా విప్పి చెప్పాలనిపించింది. నేను పెన్న ఒడ్డున చేజర్ల మండలంలోనే పుట్టి, ఆత్మకూరు చుట్టుపక్కల పశువుల ఆసుపత్రుల్లోనే ఉద్యోగమంతా చేసినదాన్ని. పశువు ఏం తింటే పాలలోకి ఏం వస్తుంది, ఏం రాదు అనేది నాకు పుస్తకాల్లోనే కాదు, కుడితి తొట్ల దగ్గరా తెలిసిన సంగతి.

పాలలోని ఖనిజాల మంచిచెడ్డలు మూడు చోట్ల తేలతాయి. ఒకటి పశువు తినే మేత, తాగే నీరు. రెండోది పొదుగు. మూడోది పితికిన తరువాత పాలు తాకే పాత్ర, పాలలో మనం కలిపే నీళ్ళు. నడుమనున్న పొదుగు తన పని తాను చక్కగా చేసుకుపోతుంది. దాని ముందూ వెనకా జరిగేదంతా మన చేతుల్లో ఉంది.

లీటరు పాలలో ఏముంది, ఏం లేదు

పాలంటే కాల్షియం అని బడి పిల్లలు కూడా చెబుతారు. లీటరు ఆవు పాలలో సుమారు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బర్రె పాలలో అంతకంటే ఎక్కువే. పెద్దవాళ్ళకు రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో లెక్క కట్టాయి. పాలు, పెరుగు, మజ్జిగ లేకుండా అన్నం, పప్పు, కూరలతోనే ఆ లెక్క నింపడం మామూలు కుటుంబానికి కష్టం.

కాల్షియం, భాస్వరం ఎక్కువ మోతాదులో ఉండేవి. వాటి వెనక సూక్ష్మ ఖనిజాలున్నాయి. జింకు లీటరుకు 4 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఇనుము ఆవు పాలలో అర మిల్లీగ్రాము అటూ ఇటూ. రాగి మిల్లీగ్రాములో పదో వంతు. అయోడిన్, సెలీనియం, మాలిబ్డినం వంటివాటిని మైక్రోగ్రాముల్లో కొలవాలి. మిల్లీగ్రాములో వెయ్యో వంతును మైక్రోగ్రాము అంటారు.

ఈ అంకెల్లో మొదట గుర్తుపెట్టుకోవలసింది ఇనుము. ఆడవాళ్ళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలని పోషకాహార సంస్థ చెబుతోంది. లీటరు పాలలో దొరికేది అర మిల్లీగ్రాము! పైగా పాలలోని కాల్షియం, కేసీన్ అనే మాంసకృత్తు కలిసి, పక్కనున్న ఆకుకూరల ఇనుమును కూడా ఒంటికి సరిగా పట్టనివ్వవు. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లకు "పాలు తాగమ్మా, రక్తం పడుతుంది" అని చెప్పే పెద్దవాళ్ళ ప్రేమ గొప్పదే కానీ, పాలు ఆ పని చెయ్యలేవు. తోటకూర, మునగాకు, మాంసం, కాలేయం చేస్తాయి. పొదలకూరు, గూడూరు నిమ్మకాయలు దేశమంతా పోతున్నాయి. ఒక చెక్క మన ఆకుకూర మీద కూడా పిండుకుంటే అందులోని విటమిన్ సి ఇనుమును లోపలికి చేర్చుతుంది. పాలు మరో పూట తాగొచ్చు.

ఏడాది లోపు బిడ్డకు తల్లిపాల బదులు ఆవు పాలో బర్రె పాలో పట్టకూడదని పిల్లల డాక్టర్లు చెప్పేది కూడా ప్రధానంగా ఇందుకే. ఇనుము చాలదు. దానికి తోడు కొందరు పసిబిడ్డల పేగుల్లో కంటికి కనిపించనంత రక్తం పోయి ఉన్న ఇనుము కూడా తరిగిపోతుంది.

మేత మాట

మా చేజర్ల సోమశిల నీళ్ళు పారే ఊరు. వరి ఎక్కువ, కాబట్టి వరిగడ్డి ఎక్కువ. ఉదయగిరి, దుత్తలూరు వైపు మెట్ట. అక్కడ జొన్న చొప్ప, చెనక్కాయ కట్టె, బీట్లో దొరికిన గడ్డి. రెండు వైపులా నేను చూసిన లోపం ఒకటే, ఖనిజాల లోపం. వరిగడ్డి బర్రె పొట్ట నింపుతుంది. అందులో ఇసుకకు మూలమైన సిలికా ఎక్కువ, భాస్వరం, జింకు తక్కువ. ఉన్న కాల్షియాన్ని ఆక్సలేట్లు కట్టిపడేస్తాయి.

గొడ్డు ఈ లోపాన్ని నోటితో చెప్పలేదు, ఒంటితో చెబుతుంది. భాస్వరం చాలకపోతే బొమికలు నములుతుంది, గోడలు నాకుతుంది, దండెం మీది గుడ్డలు లాగి తింటుంది. "దీనికి దయ్యం పట్టిందమ్మా" అని ఒక పెద్దాయన తన బర్రెను నా దగ్గరికి తోలుకొచ్చాడు. దయ్యం లేదు నాయనా, భాస్వరం లేదు అని చెప్పి పంపాను. ఈనిన కొద్ది రోజులకు కొన్ని బర్రెలు కాఫీ రంగు మూత్రం పోస్తాయి. అందుకు కూడా చాలాసార్లు భాస్వరం లోపమే కారణం. రాగి చాలకపోతే నల్లటి బర్రె వెంట్రుక రాగిరంగుకు తిరుగుతుంది, తోలు అక్కడక్కడ తెల్లబడుతుంది. జింకు చాలకపోతే చర్మం బిరుసెక్కి పొలుసులు రేగుతుంది, గిట్టలు మెత్తబడతాయి. అన్నిటికీ ఉమ్మడి గుర్తు మరొకటుంది. పశువు సరిగా ఎదకు రాదు, కట్టించినా నిలవదు.

ఈ కథ ప్రపంచమంతా ఉంది. బ్రెజిల్ దేశంలో తెల్లటి గొడ్ల మందల్లో ఎక్కువభాగం మన ఒంగోలు జాతి సంతతి. వాళ్ళు ఆ జాతిని పిలిచే పేరు "నెలోరే", మన నెల్లూరు పేరే. అక్కడి విశాలమైన బీళ్ళలో కూడా భాస్వరం తక్కువ. గొడ్లు చచ్చిన పశువుల ఎముకలు కొరికి, ఆ ఎముకల్లో పెరిగిన సూక్ష్మజీవి విషంతో కూలిపోయేవి. అందుకే అక్కడి రైతుకు ఖనిజాలు కలిపిన ఉప్పు బీడు ఖర్చుల్లో భాగమైపోయింది.

మన రైతు చెయ్యవలసింది చిన్న పని. పాలిచ్చే పశువుకు రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం తవుడులోనో, చెనక్కాయ చెక్కలోనో కలిపి పెట్టాలి. అయితే ఒక మాట విప్పి చెప్పాలి. అమ్మేవాళ్ళు కొందరు "ఇది పెడితే పాలలో జింకు పెరుగుతుంది, ఇనుము పెరుగుతుంది" అంటారు. అట్టా జరగదు. జింకు, రాగి, ఇనుము పాలలోకి ఎంత పోవాలో పొదుగు తానే నిర్ణయిస్తుంది. మిశ్రమం పెడితే ఒనగూడే మేలు వేరు. పశువు ఆరోగ్యంగా ఉంటుంది, వేళకు చూలు కడుతుంది, ఒట్టిపోయిన రోజులు తగ్గుతాయి, పాల రాశి నిలబడుతుంది.

మేతను బట్టి పాలలో మారే ఖనిజాలు కూడా లేకపోలేదు. అయోడిన్, సెలీనియం అట్టాంటివి. బ్రిటన్‌లో ఒకప్పుడు గొంతువాపు జబ్బు, అంటే గాయిటర్, ఊళ్ళకు ఊళ్ళను పట్టి ఉండేది. 1930ల తరువాత అక్కడి రైతులు పశువులు బాగా ఈనాలని దాణాలో అయోడిన్ కలపసాగారు. ఆ అయోడిన్ పాలలోకి వచ్చింది. బడి పిల్లలకు ప్రభుత్వం పాలు తాగించేది కూడా ఆ రోజుల్లోనే. కొన్ని దశాబ్దాల్లో ఆ జబ్బు దాదాపు మాయమైంది. ఎవరూ ప్రజారోగ్యం కోసమని చేసిన పని కాదది. పశువు మేలు కోసం చేసింది మనిషికి మేలు చేసింది.

కోబాల్టు సంగతి ఇంకా చిత్రం. 1930లలో ఆస్ట్రేలియాలో పచ్చగడ్డి మధ్యనే గొర్రెలు, గొడ్లు చిక్కి చచ్చిపోయేవి. మట్టిలో కోబాల్టు లేకపోవడమే కారణమని 1935లో అండర్‌వుడ్, ఫిల్మర్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. నెమరువేసే పశువు పొట్టలోని సూక్ష్మజీవులు ఆ కోబాల్టుతో బి12 విటమిన్ తయారుచేస్తాయి. మాంసం, చేపలు, గుడ్లు ముట్టని ఇంట్లో బి12 అందేది పాలు, పెరుగు, మజ్జిగల నుంచే. మట్టిలో ఉండీ లేనట్టుండే ఒక లోహం గడ్డిలోంచి, పశువు పొట్టలోంచి, పాలలోంచి వచ్చి మన నరాలను, రక్తాన్ని కాపాడుతోంది.

ఫ్లోరైడు: పొదుగు ఆపిన విషం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం.

మన దేశంలో మనుషుల ఎముకలను పీల్చిపిప్పిచేసే జబ్బును ఫ్లోరోసిస్‌గా గుర్తించి వైద్య పత్రికలో రాసింది 1937లో. షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రాశారు. వాళ్ళు పరిశీలించింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని మన నెల్లూరు జిల్లా ఊళ్ళనే. ఆనాటి నెల్లూరు జిల్లా పెద్దది. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు మన జిల్లావే, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళాయి. కానీ డాక్టర్ల కంటే ముందే ఈ జబ్బును కనిపెట్టింది రైతులు. అరక కట్టిన ఎద్దులు కీళ్ళు బిగుసుకుని నడవలేకపోవడం వాళ్ళు ముందే చూశారు. మనుషులకు కూడా అదే జబ్బని తరువాత తేలింది.

మెట్ట ఊళ్ళలో కోడెను కొనేటప్పుడు పళ్ళు పట్టి చూస్తారు కదా, రెండు పళ్ళా, నాలుగు పళ్ళా అని. ఉదయగిరి వైపు పశువుల నోరు తెరిచినప్పుడు నేను వయసుతో పాటు ఇంకొకటి కూడా చూసేదాన్ని. పై పెదవి, కింది పెదవి విడదీసి పట్టుకుంటే, కింది పళ్ళ మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు. పింగాణీలా ఉండవలసిన పన్ను పైపూత సుద్దలా గరుకుగా, గుంటలు పడి కనిపిస్తుంది. దూడగా ఉన్నప్పుడు, లోపల పళ్ళు తయారవుతున్న వయసులో తాగిన నీళ్ళు అక్కడ ఆ గుర్తు పెట్టిపోతాయి. అదే ఊరి బడిలో పిల్లలు నవ్వితే అవే చారలు. ఆ పోలిక చూసినప్పుడల్లా కడుపులో దేవినట్టయ్యేది.

రాతి నేలల్లో, అభ్రకం వంటి ఖనిజాలున్నచోట, లోతు బోర్లలో నీరు ఏళ్ళ తరబడి రాతిని ఒరుసుకుని ఉండటంతో ఫ్లోరైడు అందులో కరుగుతుంది. లీటరు తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మన దేశపు ప్రమాణం ఒక మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర. 2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని మొదలుపెట్టినప్పుడు దేశంలో మొదట ఎంచుకున్న కొద్ది జిల్లాల్లో నెల్లూరు కూడా ఉంది.

అంత ఫ్లోరైడు తాగిన బర్రె పాలలో అది ఎందుకు పోగుపడదు? ఫ్లోరైడుకు ఎముక అంటే ప్రాణం. రక్తంలోకి చేరగానే ఎక్కువ భాగాన్ని ఎముకలు, పళ్ళు లాగేసుకుంటాయి, మిగిలినదాన్ని మూత్రపిండాలు బయటికి తోస్తాయి. రక్తంలో నిలిచేది అతి తక్కువ, అందులోంచి పొదుగులోకి దిగేది ఇంకా తక్కువ. మామూలు ఆవు పాలలో ఫ్లోరైడు లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపే. ఫ్లోరైడు ఊళ్ళలో కొంత పెరుగుతుంది గానీ నీళ్ళలో పెరిగినంత పెరగదు. పశువు తన ఎముకలను బలిపెట్టి మన బిడ్డకు మంచి పాలు ఇస్తోంది. ఈ మాట నేను అలంకారంగా చెప్పడం లేదు, శరీరశాస్త్రం చెప్పే నిజమే అది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పాలలోని కాల్షియం పొట్టలో ఫ్లోరైడును పట్టుకుని, కరగని పదార్థంగా మార్చి, ఒంటికి ఎక్కువగా పట్టకుండా చేస్తుంది. పోషణ సరిగా లేని పిల్లల్లో ఫ్లోరోసిస్ మరింత క్రూరంగా ఉంటుందని ఈ రంగంలో పనిచేసిన వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. నల్లగొండ జిల్లాలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే పిల్లలను హైదరాబాదు పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి పరిశీలించి 1973లో రాశారు. ఆ జబ్బున్న ఊళ్ళ తిండిగింజల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉందని ఆ సంస్థ ఆ తరువాత గుర్తించింది. మాలిబ్డినం ఎక్కువైతే ఒంట్లో రాగి నిలవదు. ఒక ఖనిజం ఎక్కువైనా తక్కువైనా దాని పక్కదాని లెక్క కూడా తప్పుతుందనడానికి అది పెద్ద పాఠం.

కాబట్టి ఫ్లోరైడు ఊళ్ళో బిడ్డకు పాలు మందులాంటివి. ప్రమాదం ఎక్కడుందంటే, పాలలో కలిపే నీళ్ళలో. చెంబు బోరు నీళ్ళు కలిపితే పొదుగు ఆపిన ఫ్లోరైడు మనిషి చేతి మీదుగా గ్లాసులోకి వచ్చేస్తుంది. పాలపొడి కలిపే నీళ్ళు, టీ కాచే నీళ్ళు, పెరుగును మజ్జిగ చేసే నీళ్ళు, అన్నిటికీ ఇదే మాట. తాగడానికి పనికిరాని నీళ్ళు పాలలో కలపడానికీ పనికిరావు.

పాత్ర చేసే పని

పితికిన తరువాత పాలు ఏ లోహాన్ని తాకాయన్నది చాలామంది ఆలోచించరు. మన ముందు తరాల ఆడవాళ్ళు మాత్రం ఆలోచించారు. మా ఇంట్లో పాలు కాచేది మట్టి దుత్తలో, చల్ల చిలికేది చెక్క కవ్వంతో. పెరుగు తోడు వేసేది కూడా మట్టి కుండలోనే. ఉదయగిరి చెక్క గరిటెలు ఈనాటికీ పేరున్నవి. నర్ది, బిక్కి, కలివి వంటి కొండ చెట్ల చెక్కతో చేసే ఆ గరిటె పులిసిన పెరుగులో ఉన్నా ఏ లోహమూ వదలదు.

ఇత్తడి, రాగి గిన్నె వాడితే కళాయి తప్పనిసరి. కళాయి పూసే సాయిబు ఊరికొచ్చినప్పుడు పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. చెట్టు కింద చిన్న గుంట తవ్వి, తోలు తిత్తి గొట్టం అందులోకి పెట్టి బొగ్గులు రాజేసేవాడు. తోమిన గిన్నెను పటకారుతో నిప్పుల మీద తిప్పి, నవసాగరం పొడి చల్లేవాడు. తెల్లటి పొగ లేచి ముక్కు మండేది. వేడెక్కిన గిన్నెకు తగరం కడ్డీ తాకించి, దూది ఉండతో గిరగిరా రుద్దితే, పచ్చటి గిన్నె లోపలంతా తెల్లగా మెరిసేది. నీళ్ళలో ముంచగానే చుయ్యిమనేది. కళాయి పోయిన గిన్నెలో పెరుగు ఉంచితే పచ్చటి కిలుం పట్టి పెరుగు చేదెక్కుతుందని మా అమ్మ దాన్ని దగ్గరికి కూడా రానిచ్చేది కాదు.

పెరుగు పులుపుకు రాగి కరుగుతుందని అందరికీ తెలుసు. పులుపు లేని పచ్చి పాలు కూడా రాగిని లాగుతాయన్నది అంతగా తెలియని సంగతి. పాలలోని కేసీన్ రాగిని గట్టిగా పట్టుకుంటుంది. పోయిన శతాబ్దంలో మన దేశంలో పసిపిల్లలను మింగిన కాలేయ జబ్బు ఒకటుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు పొట్ట ఉబ్బి, కాలేయం రాయిలా గట్టిపడి, ఎక్కువమంది ప్రాణాలు పోయేవి. తెలుగిళ్ళలో దాన్ని "లివరు జబ్బు" అనేవాళ్ళు. మద్రాసులో తెలుగువారు నడిపిన జమ్మి వారి లివర్ మందుకు అంత పేరు వచ్చింది ఆ భయం మూలంగానే. పుణెలో భావే, పండిట్ అనే పిల్లల వైద్యులు బ్రిటన్ వైద్యుడు టానర్‌తో కలిసి పనిచేసి, 1983లో ఒక కారణాన్ని ముందుకు తెచ్చారు. ఆ పిల్లల కాలేయాల్లో రాగి మామూలు కంటే పదుల రెట్లు ఉంది. వాళ్ళకు చిన్న వయసులోనే రాగి, ఇత్తడి పాత్రల్లో కాచి నిలవ ఉంచిన పాలు పట్టారు. పసిబిడ్డ కాలేయం ఎక్కువైన రాగిని బయటికి పంపలేదు.

ఇదే జబ్బు ఆస్ట్రియాలోని టైరోల్ కొండ ప్రాంతంలో కూడా ఉండేది. 1900 నుంచి 1974 వరకు అక్కడ 138 మంది పసివాళ్ళకు వచ్చినట్టు 1996లో వైద్యులు లెక్క తీశారు. అక్కడ కూడా పాలు కాచేది కళాయి లేని రాగి పాత్రల్లోనే. అందరు పిల్లలకూ రాకపోవడాన్ని బట్టి పుట్టుకతో వచ్చే లోపం కూడా దానికి తోడై ఉంటుందని వాళ్ళు అన్నారు. ఇక్కడా అక్కడా రాగి, ఇత్తడి పాత్రలు పోయి స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఈ మధ్య రాగి పాత్రల మీద మోజు మళ్ళీ పెరిగింది. రాగి చెంబులో నీళ్ళు తాగడం వేరు. పాలు, పెరుగు, మజ్జిగ, నిమ్మరసం కళాయి లేని రాగిలో, ఇత్తడిలో పొయ్యకండి. పసిబిడ్డ పాలైతే అసలే వద్దు. కళాయి పూయించేటప్పుడు కూడా మేలైన తగరమే వాడమని అడగండి. చౌక తగరంలో సీసం కలుస్తుంది, అది రాగిని మించిన ముప్పు. పుల్లటి పెరుగు జింకు పూత రేకు డబ్బాలో కానీ, అల్యూమినియం గిన్నెలో కానీ నిలవ ఉంచకూడదు.

పెద్ద ఫ్యాక్టరీలో పొరపాటు జరిగితే ఎంత ఘోరమో జపాన్ చూసింది. 1955 వేసవిలో మొరినాగా అనే సంస్థ పాలపొడి తాగిన 12 వేలకు పైగా పసిబిడ్డలు జబ్బుపడ్డారు. నూటముప్పై మంది చనిపోయారు. పాలు విరగకుండా ఉండటానికి కలిపిన సోడియం ఫాస్ఫేటులో ఆర్సెనిక్ ఉండటమే కారణం. ఆవులలో లోపం లేదు, పొదుగులో లోపం లేదు. తరువాత కలిపినదాంట్లోనే ఉంది.

సీసం సంగతిలో పొదుగుకు ముందు కూడా జాగ్రత్త కావాలి. పాత బ్యాటరీలు, ఊడిన రంగు పెచ్చులు పశువు నాకితే సీసం ఒంట్లో చేరుతుంది. అది కాల్షియంలా నటిస్తూ ఎముకల్లో దాక్కుంటుంది. పాలిచ్చే కాలంలో ఎముకల కాల్షియం కరిగినప్పుడు దానితో పాటు కొంత బయటికొస్తుంది. కిలో పాలలో సీసం 0.02 మిల్లీగ్రాములు మించరాదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ హద్దు పెట్టింది. అంత చిన్న హద్దు పెట్టారంటేనే సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని అర్థం. ట్రాక్టరు పాత బ్యాటరీని గొడ్ల చావిడిలో ఏ మూలా పెట్టొద్దు.

పెరుగు, చల్ల, నెయ్యి

పాలలోని ఖనిజాలు కొవ్వులో దాదాపు ఉండవు. నీళ్ళలో, కేసీనులో ఉంటాయి. కాబట్టి వెన్న తీసినా చల్లలో కాల్షియం, జింకు చెక్కుచెదరవు. నెయ్యిలో మాత్రం ఖనిజాలు లేనట్టే. పెరుగు మీద తేరిన తేటలో కాల్షియం, అయోడిన్ ఉంటాయి, దాన్ని వంచి పారబోయకండి, కలిపేయండి. విరిగిన పాలనుంచి పన్నీరు తీసినప్పుడు మిగిలే నీళ్ళలోకి కూడా కొంత కాల్షియం పోతుంది. వాటితో చపాతీ పిండి తడుపుకోవచ్చు. ఈనిన తొలిరోజుల జున్నుపాలలో జింకు, ఇనుము, రాగి మామూలు పాల కంటే ఎక్కువ. ఆ భాగ్యం ముందు దూడది. అది తాగాక మిగిలితేనే మన జున్ను.

పాఠకులకు నా విన్నపం

చేజర్లలోనైనా ఉదయగిరిలోనైనా పాలిచ్చే గొడ్డుకు రోజూ ఖనిజ మిశ్రమం పెట్టండి. పాలలో నీళ్ళు కలపకండి. పాలను స్టీలులోనో మట్టిలోనో ఉంచండి, కళాయి లేని రాగికి దూరం పెట్టండి. ఇనుము కోసం పాల మీద ఆధారపడకండి.

చివరగా ఒక్క మాట మా మెట్ట ఊళ్ళ తల్లులకు. తెల్లారేసరికి పాల వ్యాను వచ్చి హారన్ కొడుతుంది. బిందెలోని పాలన్నీ వెన్నశాతం లెక్క మీద డబ్బులుగా మారతాయి. ఆ డబ్బు ఇంటికి కావాలి, నాకు తెలుసు. కానీ ఫ్లోరైడు నీళ్ళున్న ఊళ్ళో ఆ పాలే మీ బిడ్డ పళ్ళకూ ఎముకలకూ అండ. వ్యాను దగ్గరికి పోయే ముందు ఏడాది దాటిన ప్రతి బిడ్డకూ ఒక గ్లాసు పాలు ఇంట్లో తీసి పెట్టండి. మిగిలినవే అమ్మండి.